కడుపు చలవ

పళ్ళెం అటు చివర నుంచి బయల్దేరింది. తన దాకా రావడానికి ఇంకా బోలెడుమంది ఆడవాళ్ళున్నారు, అందులో సగం మంది పెద్దవాళ్ళు, తాంబూలం ఒళ్ళో పెట్టించుకుని, చలిమిడి ముద్ద అరచేతిలో వేయించుకుని, నెయ్యి ఇంకాస్త పడాల్సిందమ్మా అనో యాలకులు ఎక్కువయ్యాయనో ఒక మాట అంటేగాని పళ్ళేన్ని ముందుకి కదలనివ్వరు, కాబట్టి ఇంకా కాస్త వ్యవధి ఉంది అనుకుంది ఉమామహేశ్వరి. షామియానా కింద చాప మీద, వరస చిట్టచివర, మఠం వేసుకోలేక కాళ్ళు ఒక పక్కకి మడిచి, పమిట చెంగుని పొట్ట మీదకి లాక్కుంటూ కూర్చుంది. ఆడపడుచు శాంతికి ఏడో నెల సీమంతం. ఉప్పలగుప్తంలో పుట్టింట్లో చేస్తున్నారు. పేరుకి చేస్తున్నది అత్తగారు లోవమ్మ, కాని నిన్న బియ్యం నానబోసింది, తడిబియ్యం మరాడించి తెచ్చింది, పొద్దున్న బెల్లం పాకం పట్టింది ఉమ. సబ్బుతో ఎంత రుద్ది కడుక్కున్నా చేతుల నుంచి బెల్లం వాసన పోలేదు. ఎదురుగా కుర్చీలో శాంతి మోచేతుల దాకా గాజులతో, చెంపలకి పసుపుతో, ఒడి నిండా పళ్ళూ పూలూ చలిమిడీ పెట్టుకుని ఆయాసపడుతూ నవ్వుతోంది. పాడేవాళ్ళు ఒక పాట అయ్యేసరికి ఇంకోటి అందుకుంటున్నారు. ఇంతమందిలో తన కడుపులో ఏముందో తనొక్కత్తికే తెలుసు.

పాకం తీగ సాగుతుండగా వచ్చింది ఆ ఫోను. కాకినాడ నుంచి డాక్టరు స్టెల్లాగారు. ఆవిడ ఎప్పుడూ నెమ్మదిగానే మాట్లాడతారు, పొద్దున్న ఇంకా నెమ్మదిగా మాట్లాడారు, అక్కడే ఉమకి తెలిసిపోయింది. రిపోర్టు వచ్చిందమ్మా, మళ్ళీ కనబడింది, సోమవారం రా, ఇంట్లోవాళ్ళని ఎవరినైనా తీసుకురా, స్కాను తీసి ఎంత లోతుకి వెళ్ళిందో చూద్దాం, ఈసారి గర్భసంచి ఉంచుకోవడం మంచిది కాదు, అది కూర్చుని మాట్లాడుకుందాం. ఆయ్ అండి, ఆయ్ అండి అంటూనే ఉంది ఉమ. ఫోనుని చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి గరిటె తిప్పుతూనే ఉంది, ఎందుకంటే పాకం ముదిరితే చలిమిడి రాయైపోతుంది, సీమంతం చలిమిడి గట్టిపడితే కాన్పు కష్టమవుతుందని అత్తగారి నమ్మకం. ఫోను పెట్టేసింది, పొయ్యి కట్టేసింది, పిండి పోసి కలిపింది, నెయ్యి వేసింది, కొబ్బరి ముక్కలు వేసింది. అంతా అయ్యాక, గరిటెకి అంటుకున్నదాన్ని వేలితో తీసి నోట్లో పెట్టుకుంది. ఏడుపు ఇంకా రాలేదు, చెయ్యి మాత్రం ముందే వెళ్ళిపోయింది. ఎవరైనా చూశారేమోనని గుమ్మం వైపు కూడా చూసింది. ఏ మనిషైనా అలా చేస్తుందా అసలు, చావు కబురు లాంటిది విని గరిటె నాకుతుందా, మా అమ్మ చెప్పేది నీకు నోరు కట్టుబాటు లేదే అని, చిన్నప్పుడు అటక మీద జీళ్ళ డబ్బా దించుకుని తిన్నప్పుడు, అప్పుడైతే వీపు మీద ఒకటి పడేది, దాంతో లెక్క సరిపోయేది.

"ఒళ్ళు చేశావే ఉమా," అంది పక్కనున్న చిన్నమ్మలు, లోవమ్మకి పినతల్లి వరస, కళ్ళజోడు తాడు మెళ్ళో వేలాడుతూ. "ఆ గుమ్మంలో నిన్ను చూసి, ఇదేంట్రా ఒకే ఇంట్లో ఇద్దరు నీళ్ళోసుకున్నారా అనుకున్నాను."

చుట్టుపక్కల నలుగురు నవ్వారు. ఉమ కూడా నవ్వింది. నవ్వడం అలవాటైపోయింది, లావుగా ఉన్నవాళ్ళు నవ్వకపోతే జనానికి కోపం వస్తుంది. నిజానికి చిన్నమ్మలు కన్ను మోసపోయిందేమీ లేదు. ఇవాళ కట్టుకున్న పట్టుచీర మీది జాకెట్టు కుట్లు మొన్న రాత్రే విప్పి వదులు చేసుకుంది, ఇంక విప్పడానికి లోపల గుడ్డ మిగల్లేదు, చంకల దగ్గర వేరే ముక్క అతికింది. ఊళ్ళో ఆడవాళ్ళందరి నడుముల కొలతలూ ఉమకి నోటికొచ్చు, ఇంటి వసారాలో మిషను పెట్టి జాకెట్లు కుట్టడమే తన పని, ఎవరికి కాన్పు తర్వాత ఎంత పెరిగిందో, ఎవరు బెంగతో ఎంత తగ్గారో టేపు పెట్టకుండానే చెప్పగలదు. ఆ టేపు తన నడుముకి పెట్టుకుని ఏళ్ళయింది. పాత జాకెట్టు కొలత చూసి కాస్త ఎక్కువ వేసుకుని కత్తిరించేస్తుంది, ఎంత ఎక్కువో చూడదు.

ఆ మిషను దగ్గరే మొదలైంది ఇదంతా. నాలుగేళ్ళ కిందట, కుర్చీ మీద వేసుకున్న దిండుకి మరక. నెలసరి ఉమకి ఏనాడూ తిన్నగా లేదు, రాకపోతే నెలల తరబడి రాదు, వస్తే ఆగదు. వేడి చేసిందన్నారు, కొబ్బరినీళ్ళు తాగమన్నారు, బార్లీ జావ తాగమన్నారు, తాగింది. అమలాపురంలో చూపిస్తే అండాశయాల్లో నీటిబుడగలు అన్నారు, అవి అందరికీ ఉంటున్నాయట ఈ మధ్య, అయినా ఒకసారి కాకినాడలో చూపించుకోమన్నారు. అప్పుడు ఆయన సెలవులో ఉన్నాడు, మస్కట్ నుంచి వచ్చిన నాగేంద్రబాబు, కొత్త చొక్కా వేసుకుని పక్కన కూర్చున్నాడు. స్టెల్లాగారు కాగితం మీద గర్భసంచి బొమ్మ గీసి, లోపలి పొర మీద పెన్సిలుతో నల్లగా రుద్ది, ఇక్కడ కేన్సరు మొదలైందమ్మా, ఇంకా పైపైనే ఉంది అన్నారు. మామూలుగా అయితే గర్భసంచి తీసేస్తాం. నీకు పిల్లలు కావాలి కాబట్టి హార్మోను మాత్రలతో ప్రయత్నించి చూద్దాం, చాలామందికి తగ్గుతుంది, కాని తగ్గిందని వదిలేస్తే తిరిగొస్తుంది. మూడు నెలలకోసారి వచ్చి పరీక్షకి లోపలి పొర ముక్క తీయించుకోవాలి, అది తప్పకూడదు. షుగరు అంచు మీద ఉంది, ఒళ్ళు తగ్గాలి, కొవ్వు ఎక్కువున్న ఒంట్లో ఈ పొరని పెంచే హార్మోను ఊరుతూనే ఉంటుంది, పైనుంచి మనం మందుతో అణుస్తుంటే లోపల నుంచి అది తోస్తూ ఉంటుంది. ఆవిడ చెప్పింది చిన్నపిల్లకి కూడా అర్థమవుతుంది. ఆయన అన్నిటికీ తల ఊపాడు. ఉమ ఆ పెన్సిలు మరకనే చూస్తూ కూర్చుంది.

తిరిగొచ్చేటప్పుడు యానాం వంతెన మీద బస్సు ఆగింది, ముందేదో లారీ చెడిపోయింది. కింద గోదావరి మురికి పచ్చగా ఉంది. అమ్మకి పిల్లల ట్రీట్‌మెంట్ అని చెబుదాం, అన్నాడాయన గోదావరి వైపు చూస్తూ. ఆ జబ్బు పేరు చెబితే ఊరంతా పాకిపోతుంది, నీ దగ్గర జాకెట్లు కుట్టించుకునేవాళ్ళు కూడా రారు, శాంతి పెళ్ళి కూడా ఉంది కదా. ఆయ్ అంది ఉమ, వెంటనే అంది, ఆయన అనకపోతే తనే అడిగేది. ఎంత హాయిగా అనిపించిందో అప్పుడు. దాచడం అంత తేలికని తెలియదు. పైగా అబద్ధం కూడా కాదు, పిల్లల కోసమే కదా ఆ మాత్రలు. అలా సర్ది చెప్పుకుని బస్సు కదిలేసరికి ఆయన భుజం మీద తల పెట్టి నిద్రపోయింది.

కాని లోవమ్మ ఊరుకునే మనిషి కాదు. కోడలు పిల్లల కోసం మందులు వాడుతోందని తెలిసిన దగ్గర నుంచి ఆవిడ తన వంతు పని మొదలుపెట్టింది. చలిమిడి కడుపుకి చలవ. అందులోనూ సీమంతంలో నిండు మనిషి ఒళ్ళోంచి తీసి కొంగులో వేసిన చలిమిడి, గొడ్డుపోయిన కడుపుని కూడా కరుణిస్తుంది, ఎవరికీ పెట్టకుండా తనే తినాలి, పొద్దుగుంకే లోపల తినాలి. రాజోలులో సీమంతం, కొత్తపేటలో సీమంతం, ఐ.పోలవరంలో ఎవరో దూరపు చుట్టం సీమంతం, పిలిచినవాళ్ళింటికీ సరిగ్గా పిలవనివాళ్ళింటికీ కూడా కోడల్ని ఆటోలో ఎక్కించుకుని వెళ్ళేది. మా ఉమకి కాస్త ఎక్కువ వెయ్యండమ్మా అని చేతులు పట్టుకుని అడిగేది, ఏ ఇంట్లోనూ ఏమీ అడగని మనిషి. కోనసీమలో ఎవరికి నెల తప్పినా ఇక్కడ ఉమకి ఒక కిలో పెరిగేది. వద్దనడానికి ఒక్కటే దారి, జబ్బు పేరు చెప్పడం. అది చెప్పలేదు గనక తినాలి. తిన్నాక ఆవిడ మొహంలో వచ్చే వెలుగు చూడాలి, సొంత తల్లి కూడా అంత ఆశగా చూడలేదు ఉమని. అయినా ఇదంతా అత్తగారి కోసమే తిన్నాను అనుకుంటే అదీ అబద్ధమే. ఆ మాత్రలు ఆకలిని రేపేవి, కడుపులో ఏదో గొయ్యి తవ్వినట్టుండేది. కొంగుముడిలో ఇంకా వెచ్చగా, నెయ్యి ఓడుతూ, పంటికింద కొబ్బరి ముక్క తగులుతూ, ఆటో వెనక సీట్లో ఇల్లు చేరకుండానే అయిపోయేది. నాకు ఇష్టం, అదీ సంగతి, నాకు చాలా ఇష్టం అనుకుంది ఉమ, వరస చివర, తల దించుకుని.

పళ్ళెం సగం దాకా వచ్చింది. మిఠాయి రంగు చీరావిడ ఎవరో పాకం భలే కుదిరింది ఎవరు పట్టేరు అని అడుగుతోంది, మా కోడలండి అంటోంది లోవమ్మ గర్వంగా, ఉమ వైపు చూసి కళ్ళతోనే నవ్వింది. రొయ్యల చెరువుల మీద నుంచి నీళ్ళు చిలికే ఏరేటర్ల చప్పుడు గాలి తిరిగినప్పుడల్లా వస్తోంది, వాన పడుతున్నట్టుగా, తలెత్తి చూస్తే ఎండ. ఆ చెరువుగట్టు మీదే నడిచేది రోజూ, తగ్గిందని స్టెల్లాగారు చెప్పిన కొత్తలో. ఆ రోజులు బాగుండేవి. రిపోర్టులో ఏమీ లేదమ్మా, శుభ్రంగా ఉంది, ఇంక ఆలస్యం చేయకుండా ఆయన్ని రప్పించు, బిడ్డ పుట్టాక మిగతా సంగతి చూసుకుందాం, ఈలోగా మాత్రం నువ్వు బరువు తగ్గాలి, షుగరు మాత్ర మానకూడదు, రావడం మానకూడదు. ఆయన రావడానికి కంపెనీ సెలవివ్వలేదు, ఇదిగో అదిగో అంటూ ఏడాది దాటింది. అది నా తప్పు కాదు. నడక మాత్రం నా తప్పే. పొద్దున్నే గట్టు మీద వెళుతుంటే ఏమ్మా ఉమా ఎక్కడికి, ఏం కొంప మునిగింది అని ప్రతివాళ్ళూ అడిగేవారు, మేత చల్లే కుర్రాళ్ళు ఒకళ్ళనొకళ్ళు పొడుచుకుని నవ్వేవారు, నవ్వారో లేదో, నవ్వారనే అనిపించేది. వర్షాలొచ్చాయి, గట్టు బురదయింది, మానేసింది. షుగరు మాత్ర వేసుకుంటే కడుపు తిప్పేది, అదీ మానేసింది. చెప్పలేదు ఎవరికీ. చెబితే వేరే మాత్ర ఇచ్చేవారట, మొన్న తెలిసింది.

అసలు సంగతి అది కూడా కాదు. మనసు దాని చుట్టూ తిరుగుతోంది గాని దగ్గరికి వెళ్ళట్లేదు. పాట మారింది, ఇప్పుడు ముసలావిడ ఎవరో సన్నగా పాడుతోంది, అందరూ చప్పట్లు కలుపుతున్నారు, ఉమ కూడా కలిపింది. అసలు సంగతి కాకినాడ ఆసుపత్రి వరండాలో ఉంది. అక్కడ గోడవార బరువు చూసే మిషను. ఎదురుగా బెంచీల మీద జనం. దీనమ్మగారని నర్సు, మంచి మనిషి, చెయ్యి పట్టుకుని ఎక్కిస్తుంది, దిగమ్మా నెమ్మదిగా అంటుంది, కాని బల్ల దగ్గర రాసుకునే అమ్మాయికి వినబడాలని అంకెని సంతలో ధర చెప్పినట్టు కేకేస్తుంది. ఒకసారి ఆ అంకె విని బెంచీ మీద ఒకావిడ తల తిప్పి చూసింది. అంతే, ఏమీ అనలేదు. ఆ చూపు ఇంటికొచ్చేసింది ఉమతో. తర్వాతసారి వెళ్ళేరోజున పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు, తేలికగా ఉంటుందని వాయిల్ చీర కట్టింది, గాజులు తీసి పర్సులో వేసుకుంది, బస్సులో గొలుసు కూడా తీసేసింది. గాజులు ఎంత బరువుంటాయని. కిందటిసారి కంటే తగ్గలేదని, పెరిగిందని ఒంటికి తెలుసు. ఆసుపత్రి గేటు దగ్గర ఆటో దిగింది. అద్దాల్లోంచి వరండా కనబడుతోంది, బెంచీల మీద జనం, దీనమ్మగారు ఎవరినో ఎక్కిస్తోంది. లోపలికి వెళ్ళే రాంపు దాకా వెళ్ళి నిలబడింది. వాచ్‌మన్ ఏమ్మా లోపలికేనా అన్నాడు. కాదండి అంది. ఎదురుగా హోటల్లో పెసరట్టు ఉప్మా తింది, చట్నీ రెండోసారి వేయించుకుంది, చక్కెర వేసిన కాఫీ తాగింది, అమలాపురం బస్సెక్కింది.

ఇంటికొచ్చేసరికి లోవమ్మ వీధి గుమ్మంలోనే ఉంది. ఏమన్నారమ్మా అంది. అంతా బాగుందన్నారండి అంది ఉమ. ఆవిడ అక్కడే నిలబడి, రెండు చేతులూ ఎత్తి ఆకాశానికి దణ్ణం పెట్టింది. ఆ దణ్ణం చూశాక అయినా నోరు తెరవాల్సింది. మస్కట్‌కి వాయిస్ మెసేజి కూడా పెట్టింది, బాగుందటండి, ఏం కంగారు లేదట, మీరు వేళకి తినండి అని. ఆయన చెమటతో, కడుతున్న ఏ మేడ మీదో నిలబడి విని ఉంటాడు, హమ్మయ్య అనుకుని ఉంటాడు. తర్వాత వాయిదాకి కాకినాడ దాకా కూడా వెళ్ళలేదు. అమలాపురంలో దిగి లైనింగు గుడ్డలు కొనుక్కుంది, హుక్సు కొనుక్కుంది, సాయంత్రం దాకా బస్టాండులో ఫ్యాను కింద కూర్చుని ఇంటికొచ్చింది. అంతా బాగుందన్నారండి. రెండోసారి చెప్పడం చాలా తేలికైంది. తగ్గాక వెళదాం, కాస్త తగ్గి వెళదాం, తగ్గిన మొహంతో స్టెల్లాగారి ముందు కూర్చుందాం అనుకునేది, నిజంగానే అనుకునేది. తగ్గిన రోజు రాలేదు. ప్రాణం కంటే ఎక్కువా, ఆ అంకె. ఎవరికైనా చెబితే పిచ్చిదానివా అంటారు. పిచ్చి అయితే బాగుండేది, కాస్త జాలిపడేవారు.

మొన్న ఎండాకాలం ఆయన వచ్చాడు. ఆ సెలవు గురించి తలుచుకోవాలంటే ఉమకి చెవులు వేడెక్కుతాయి, ఇంతమంది మధ్యన కూడా. అత్తగారు తలుపులు తొందరగా మూయించేది, శాంతిని అత్తారింటి నుంచి రావద్దంది ఆ నెలంతా. ఆయన ఎంత ప్రేమగా ఉన్నాడో, లావైపోయేనండి అంటే నాకు కనబడట్లేదే అన్నాడు, సెంటు సీసా తెచ్చాడు, పాపాయి బట్టల జత కూడా ఒకటి పెట్టె అడుగున దాచి తెచ్చాడు, చూపించాడు, మళ్ళీ మడిచి పెట్టేశాడు. అప్పటికే మరక కనబడుతోంది. ఎప్పుడో ఒక చుక్క, తర్వాత రోజూ. తెల్లారకుండా లేచి దుప్పటి తీసి నీళ్ళలో ముంచేసేది, ఉక్కపోతకి చెమట పట్టిందండి అనేది. నెలసరి అనుకుని ఆయన పక్కకి తిరిగి పడుకునేవాడు, వెళ్ళే రోజు దగ్గరపడుతోందని క్యాలెండరు వైపు చూసేవాడు. పక్కనే పడుకున్న మనిషికి ఒక్కమాట చెప్పలేదు. చెబితే ఎప్పట్నుంచి అంటాడు, మరి డాక్టరుగారు చూడలేదా అంటాడు, అక్కడికొస్తుంది. ఆ ఒక్క ప్రశ్న రాకూడదని, ఆయన పిల్ల కోసం దాచుకున్న సెలవంతా అలా అబద్ధంలో ఖర్చుపెట్టేసింది. ఈసారి తప్పకుండా నిలబడుతుంది చూడు అని వెళ్ళిపోయాడు. పాపాయి బట్టలు ఇంకా బీరువాలోనే ఉన్నాయి.

చివరికి స్టెల్లాగారే ఫోను చేసి పిలిపించారు, చాలా కాలమైంది రాలేదేంటమ్మా అని. వెళ్ళింది. ప్రయాణాలు కుదర్లేదండి అంది. ఆవిడ ముక్క తీశాక చెయ్యి పట్టుకుని, ఒకవేళ తిరిగొచ్చినా నీ తప్పేం లేదమ్మా, సన్నగా ఉన్నవాళ్ళకి కూడా తిరిగొస్తుంది, బరువు ఒక కారణం, అది నేరం కాదు, దాన్ని తగ్గించడం ఎంత కష్టమో నాకూ తెలుసు, వేళకి వచ్చి చూపించుకోవడం ఒక్కటీ మన చేతిలో ఉంటుంది అన్నారు. ఓదార్పుకే అన్నారు. ఆ చివరి మాట దగ్గర ఉమకి చెయ్యి వెనక్కి లాక్కోవాలనిపించింది. ముందే చూసి ఉంటే ఇంకోసారి మందులతో ప్రయత్నించేవారేమో. అడగలేదు. అడిగితే అవునంటారు. కాదంటే జాలికి అన్నారేమోనని ఇంకా భయం.

"ఇదిగో, నీ వంతు వచ్చేసింది," అంది చిన్నమ్మలు మోచేత్తో పొడిచి.

లోవమ్మ శాంతి కుర్చీ దగ్గరికి వెళ్ళి, వంగి, కూతురి ఒళ్ళోంచి చలిమిడి రెండు చేతులా పళ్ళెంలోకి తీసుకుంది. ఆ ముద్ద కోసమే మిగతా పంపకాన్ని తొందరగా ముగించిందని ఉమకి తెలుసు. నుదుటి మీద కుంకం చెమటకి కారుతోంది, మోకాళ్ళ నొప్పితో కుంటుకుంటూ, మొహం మాత్రం వెలిగిపోతూ చాపల మధ్య నుంచి వస్తోంది. తినేస్తే ఏం. ఇవాళ్టికి తినేసి, సోమవారం ఏదో ఒకటి చెప్పి, ఆపరేషను కూడా ఇంకేదో పేరు పెట్టి. పేర్లు పెట్టడం అలవాటే కదా.

"కొంగు పట్టమ్మా," అంది లోవమ్మ.

ఉమ పట్టింది. చేతులు వాటంతట అవే పట్టాయి. లోవమ్మ పిడికిలి నిండా తీసుకుంది, నెయ్యి వేళ్ళ సందుల్లోంచి జారుతోంది.

"వద్దండి అత్తయ్యగారూ."

"వద్దనకూడదమ్మా. శాంతి ఒళ్ళోది."

"నాకు గర్భసంచి తీసేస్తారండి."

పాట జోరుగా సాగుతోంది. లోవమ్మ వినబడక వంగింది, చెవి ఉమ నోటి దగ్గరికి తెచ్చింది. ఆ చెవికున్న పాత దుద్దుని చూస్తూ చెప్పింది ఉమ, మొహం చూడనక్కర్లేకపోవడం మేలనిపించింది. "కేన్సరండి. నాలుగేళ్ళయ్యింది. పిల్లల ట్రీట్‌మెంటని మీకు చెప్పింది అదేనండి. తగ్గి మళ్ళీ వచ్చింది. పొద్దున్న ఫోను చేసేరు."

లోవమ్మ నిటారుగా లేవలేదు. అలాగే వంగి, పిడికిట్లో ఉన్నదాన్ని చూసింది. తర్వాత పళ్ళేన్ని చూసింది. ఏమీ తెలియని మనిషి కాదు, టీవీలో వినే మనిషి, పక్కింటాయనకి షుగరుతో కాలు తీసేస్తే చూసొచ్చిన మనిషి.

"తీపి తినకూడదన్నారా నిన్ను?" అంది మెల్లిగా.

"తగ్గించమన్నారండి."

"నేను కదమ్మా మరి," అంది లోవమ్మ. "ఊరూరా తిప్పి... నేను కదా పెట్టేను."

అక్కడ ఆగిపోయింది ఉమ. ఎదురుగా ఆ మొహం తప్పంతా మీద వేసుకోవడానికి సిద్ధంగా ఉంది. అడగకుండానే వేసుకుంటోంది. ఒక్క క్షణం ఊరుకుంటే చాలు, తలొంచుకుని ఊరుకుంటే చాలు, ఇంక జన్మలో ఎవరూ ఏమీ అడగరు. అత్తగారు తినిపించింది, కోడలు కాదనలేకపోయింది. ఊరు నమ్ముతుంది, ఆయన నమ్ముతాడు, కొన్నాళ్ళకి తనే నమ్ముతుంది. లోవమ్మ మాత్రం ఇంక ఏ సీమంతానికీ వెళ్ళదు, రేపు శాంతి బిడ్డ నోట్లో చక్కెర చుక్క పెట్టడానికి కూడా ఆ చెయ్యి ముందుకి రాదు. తను ఎంత దిగజారిందో ఉమకి ఆ క్షణంలో తెలిసింది, ఎందుకంటే ఆ క్షణం నిజంగానే ఊరుకుంది. బరువు మిషను ఎక్కనందుకు పడ్డ సిగ్గు, గరిటె నాకినందుకు పడ్డ సిగ్గు, దీని ముందు ఏ మూలకీ రావు.

"మీరు పెట్టినందుకు కాదండి," అంది. "మీ చలిమిడి వల్ల కాదండి. మూణ్ణెల్లకోసారి రమ్మంటే నేను వెళ్ళలేదండి. వెళ్ళొచ్చేనని మీకు అబద్ధం చెప్పేను. మీరు దణ్ణం పెట్టేరే, ఆ రోజు కూడా వెళ్ళలేదు. ఆయనకీ అబద్ధమే చెప్పేను. వేళకి వెళ్ళుంటే ముందే తెలిసేదండి."

"ఎందుకు వెళ్ళలేదమ్మా? డబ్బుల్లేకా?"

"కాదండి."

"మరి?"

"బరువు చూస్తారండి," అంది ఉమ. "అందరి ముందూ."

పాట అప్పుడే అయిపోయింది. చివరి రెండు మాటలూ షామియానా కింద అందరికీ వినబడ్డాయి. చిన్నమ్మలు కళ్ళజోడు పెట్టుకుంది. ఏమైంది లోవమ్మగారూ అని ఎవరో అడిగారు. శాంతి కుర్చీలోంచి లేవబోయి, ఒళ్ళో ఉన్నవి జారిపోతాయని మళ్ళీ కూర్చుండిపోయింది. ఉమకి మొహం భగ్గుమంది, కళ్ళు దించుకుంది, ఇంకా చాపి పట్టుకునే ఉన్న కొంగు తప్ప ఏమీ కనబడలేదు. తిడుతుందేమో అనుకుంది. తిడితే బాగుండుననుకుంది.

లోవమ్మ పిడికిట్లో ముద్దని పళ్ళెంలో పెట్టేసింది. పళ్ళేన్ని చిన్నమ్మలు చేతికిచ్చింది. నెయ్యి చేతిని సొంత చీర కుచ్చిళ్ళకే తుడుచుకుంది, పట్టుచీరని కూడా చూడలేదు. అడిగినావిడకి, మా కోడలికి కేన్సరండి, సోమవారం కాకినాడ తీసుకెళుతున్నాను అని, మామూలుగా ఏ పెళ్ళి కబురో చెప్పే గొంతుతోనే చెప్పింది. అప్పుడు మోకాలు పట్టుకుని ఉమ పక్కకి తిరిగింది.

"జరుగమ్మా, కూర్చుంటాను," అంది.

ఉమ కాస్త జరిగి చోటిచ్చింది.